సిమెంటు లేని గోడ

మావినకుంట శ్మశానం గోడకు సిమెంటు వద్దని పట్టుబట్టింది లిడియానే. ఆ నేలలో దొరికిన రాళ్ళనే ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో చిన్న రాళ్ళు బిగించి, నడుమెత్తు గోడ కట్టించింది. వాన నీళ్ళు దాని గుండా పారి కుంటలోకి పోతాయనీ, ఉడతలూ తొండలూ అందులో కాపురం పెట్టుకుంటాయనీ, ఎప్పుడైనా ఒక రాయి జారితే ఊళ్ళో ఎవరైనా తీసి మళ్ళీ పెట్టుకోవచ్చుననీ పంచాయతీ సభలో చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎవరైనా తీసి పెట్టగల రాయిని ఎవరైనా పీకి విసరగలరన్న సంగతి మాత్రం ఆమెకు తోచలేదు.

లిడియాది మార్కాపురం. ఆమె పనిచేసే ఆర్కిటెక్టు ఆఫీసు నగరంలోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి మేడ మీద ఉంది. దాన్ని పెట్టిన దానియేలు విల్లాల పని ఒప్పుకోడు. బడులు, సంతలు, బస్సుల కోసం నిలబడే చోట్లు, ఇలా నలుగురూ వాడేవి మాత్రమే చేస్తాడు. వాడేవాళ్ళని అడగకుండా కాగితం మీద గీత పెట్టకూడదన్నది ఆయన ఆఫీసులో మొదటి నియమం. సర్జాపుర దాటాక, అపార్టుమెంట్లు ఇంకా పూర్తిగా మింగని ఊరు మావినకుంట. ఆ పంచాయతీ తమ శ్మశానాన్ని బాగుచేయమని అడిగినప్పుడు ఆయన పని లిడియాకు అప్పగించాడు.

ఆమె ఆరునెలలు ఆ ఊరు తిరిగింది. ఊరివాళ్ళ శవాలు రోడ్డు వైపు నుంచి వెళ్తాయి. కాలనీవాళ్ళవి వెనక మురుగు కాలువలో దిగి వెళ్తాయి. కాలనీ అంటే నలభై గడప. వాళ్ళ తాతలు చిత్తూరు వైపు నుంచి కోలారు గనులకు వచ్చి, గనులు మూతపడ్డాక ఇక్కడ రాళ్ళు కొట్టుకుని నిలబడిన తెలుగు క్రైస్తవులు. శ్మశానం ఒకటే, భూమీ ఒకటే. దారులు మాత్రం రెండు.

సభలో కాలనీ తరఫున మొదట లేచింది ఎస్తేరమ్మ అనే ముసలామె.

"నా మొగున్ని ఆ కాలవలో మోసుకొని పోతా ఉంటే పెట్టె జారి మురుగులో పడిందప్పా. మా ఇస్సాకు దిగి ఎత్తినాడు. నన్ను మాత్రం తడపద్దండి" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇంతకుముందు పంచాయతీ అధ్యక్షుడిగా చేసిన వెంకటరమణప్ప ఊరివాళ్ళ తరఫున తల ఊపాడు. "సచ్చినోళ్ళకి రెండు వాకిళ్ళు ఏంటికి? ఒకటే చాలు" అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆయన తమ్ముడు ఆవులప్ప ఆ సభకు రాలేదు. ఏ సభకూ రాలేదు. ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి వక్క నములుతూ చూసేవాడు. రానివాడి సంగతి ఏమిటని లిడియా ఒకసారి వెంకటరమణప్పను అడిగింది. "వాడు అట్లే, నేను చెప్తే వింటాడు" అన్నాడాయన. ఆమె నమ్మింది.

రోడ్డు వైపు ఒకే వెడల్పు గేటు పెట్టింది. లోపల పెట్టెను దించుకోవడానికి రాతి అరుగు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, కూర్చోవడానికి మట్టి ఇటుకల సావడి. వెనక కాలువ దారి మూయించి, అక్కడ కుంట తవ్వించి, గట్టున కానుగ మొక్కలు నాటించింది. ఎస్తేరమ్మ కొడుకు, కాలనీ మేస్త్రీ అయిన ఇస్సాకు తన మనుషులతో గోడ పేర్చాడు. పని అయ్యాక ఊళ్ళోవాళ్ళ శవాలు రెండు ఆ గేటు గుండా లోపలికి వెళ్ళాయి. మూడో చావు ఎస్తేరమ్మది.

ఇస్సాకు భార్య హెప్సిబా ఫోన్ చేసి చెప్పింది. ఆమె సర్జాపురలో ఒక నర్సింగ్ హోములో నర్సు. "అత్త పోయిందక్కా. నువ్వంటే ఆమెకి ఇష్టం. రా" అంది. లిడియా తెల్ల చీర కట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నం పాస్టరు ప్రార్థన ముగించాక ఇస్సాకూ మరో ముగ్గురూ పెట్టెను భుజాలకెత్తుకున్నారు. వెనక ఆడవాళ్ళు పాట పాడుతూ నడిచారు. రోడ్డు మలుపు తిరిగేసరికి పాట ఆగిపోయింది.

గేటుకు అడ్డంగా ట్రాక్టరు నిలబెట్టి ఉంది. దాని ముందు ముప్ఫైమంది దాకా మగవాళ్ళు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో ఇనప కడ్డీలు. మధ్యలో ఆవులప్ప. వెంకటరమణప్ప ఒక పక్కన, టవలు భుజం మీద వేసుకుని, నేల చూస్తూ ఉన్నాడు.

"వెనకాల దోవలో పోండి" అన్నాడు ఆవులప్ప.

"వెనక దోవ లేదన్నా. ఆడ కుంట ఉండాది. నువ్వు చూసిందే కదా" అన్నాడు ఇస్సాకు. పెట్టె బరువుకు అతని మెడ నరాలు తేలాయి.

"అయితే కుంటలో పూడ్చుకో. మా నాయన సమాధి ముందర నుంచి మీ పెట్టె పోకూడదు."

లిడియా ముందుకు వెళ్ళింది. "ఆవులప్పగారూ, ఇది పంచాయతీలో అందరూ ఒప్పుకున్నదే. మీ అన్నగారే ముందు ఒప్పుకున్నారు. అడగండి ఆయన్ని."

అందరూ వెంకటరమణప్ప వైపు చూశారు. ఆయన, "పోనీలేరా, ముసలిది... ఈ పొద్దుకి పోనీ" అన్నాడు. ఆవులప్ప ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

"నువ్వు యా ఊరుదానివమ్మా?" అని లిడియానడిగాడు. "మా ఊరి వాకిలి యాడ పెట్టల్లో చెప్పేదానికి నువ్వెవురు?"

ఆమె జవాబు చెప్పేలోగా అతని కొడుకు మునిరాజు రెండు చేతులతో ఆమె ఎదురొమ్ము మీద నెట్టాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, జిమ్ముకెళ్ళి పెంచిన భుజాలు. లిడియా వెనక్కి పడింది. తల తారు రోడ్డుకు కొట్టుకుంది. పైన ఆకాశం తెల్లగా ఒకసారి తిరిగింది. కాలనీ కుర్రాళ్ళలో ఒకడు మునిరాజు చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడి మోచేతి మీద కడ్డీ పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఆ తరవాత మాటలు లేవు. అరుపులే.

మొదటి రాయి ఎవరు పీకారో లిడియా చూడలేదు. చూసేసరికి నలుగురు గోడ దగ్గర వంగి ఉన్నారు. ఇస్సాకు ఎంతో ఓపికగా బిగించిన చిన్న రాళ్ళను ముందు వేళ్ళతో లాగేశారు. అవి ఊడగానే పెద్దవి వదులయ్యాయి. ఒక్కో రాయీ చేతికి సరిగ్గా ఇమిడేది. ఒక మనిషి ఒంటిచేత్తో ఎత్తగలిగేంత రాళ్ళే వాడాలని, ఆడవాళ్ళు కూడా మరమ్మతు చేసుకోగలగాలని లిడియాయే చెప్పింది. ఆ రాళ్ళు ఇప్పుడు గాలిలో వస్తున్నాయి. పాస్టరు నుదుటికి ఒకటి తగిలింది. ఆయన బైబిలు మీద పడ్డాడు. మేరక్క అనే ముసలామె నోటికి తగిలి, చేతిలోకి రక్తంతో పాటు పళ్ళు ఉమ్మింది. పెట్టె మోసేవాళ్ళలో ఒకడి మోకాలికి దెబ్బ తగిలి కూలబడ్డాడు. పెట్టె ఆ మూల నుంచి జారి రోడ్డు మీద పడి, మూత పగిలి, ఎస్తేరమ్మ చేయి ఒకటి బయటికి వచ్చింది.

అది చూసి ఇస్సాకు పిచ్చివాడయ్యాడు. అతనికి కర్ర లేదు, రాయి లేదు. తలతో దూకి ఆవులప్ప పొట్టలో పొడిచాడు. ఇద్దరూ ట్రాక్టరు చక్రం దగ్గర పడ్డారు. ముగ్గురు వచ్చి ఇస్సాకును లాగి, వీపు మీదా నడుము మీదా తన్నడం మొదలుపెట్టారు.

"ఆడోళ్ళు రాండే!" అని అరిచింది హెప్సిబా. "పెట్టె పట్టండి!"

కాలనీలో ఆడవాళ్ళు ఎన్నడూ పెట్టె మొయ్యలేదు. ఆ రోజు మోశారు. హెప్సిబా అత్త చేతిని లోపలికి నెట్టి, మూత అదిమి, చీర కొంగుతో కట్టి, తల వైపు ఎత్తింది. మిగిలినవాళ్ళు ఎక్కడ పట్టు దొరికితే అక్కడ పట్టుకున్నారు. గేటుకు ట్రాక్టరు అడ్డం. కాని పక్కనే గోడలో, వాళ్ళు రాళ్ళు పీకిన చోట, బండి పట్టేంత సందు పడింది. వాళ్ళు అందులోంచి వెళ్ళారు. వీపుల మీద రాళ్ళు పడుతూనే ఉన్నాయి. తవ్వి ఉంచిన గుంతలోకి పెట్టెను దించలేదు, దాదాపు తోశారు. చేతులతో, పళ్ళేలతో, దొరికినదానితో మట్టి తోడారు. ఎవరూ పాట పాడలేదు. ఒకామె మాత్రం "తండ్రీ, తండ్రీ" అంటూ పోసింది.

లిడియా లేచి నిలబడింది. చెవి వెనక నుంచి రక్తం మెడలోకి దిగుతోంది. ట్రాక్టరు అవతల ఇస్సాకు వెల్లకిలా పడి ఉన్నాడు. అతని ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద. మునిరాజు అతని ఛాతీ మీద ఒక కాలు వేసి, కడ్డీని రెండు చేతులా పైకెత్తుతున్నాడు. ముఖం మీదికి దించడానికి.

ఆమె కాళ్ళ దగ్గర రాయి ఉంది. ఎత్తింది. ఎలా నడిచిందో ఆమెకు తరవాత గుర్తులేదు. మునిరాజు అలికిడికి తల తిప్పాడు. ఆ తిప్పిన ముఖం మీద, చెంపకు కాస్త కింద, బలంకొద్దీ కొట్టింది. మట్టి కుండ పగిలినట్లు చప్పుడైంది. అతను కడ్డీ వదిలేసి పక్కకు పడ్డాడు. కింది దవడ ఒక పక్కకి వేలాడింది. నోరు తెరవాలని చూశాడు. నోరు అతని మాట వినలేదు.

లిడియా రాయిని మళ్ళీ ఎత్తింది. అతను ఇక ఎవరినీ కొట్టే స్థితిలో లేడు. ఆ సంగతి ఆమెకు కనబడుతూనే ఉంది. అయినా ఎత్తింది. పాస్టరుగారి భార్య వెనక నుంచి రెండు చేతులతో ఆమె మణికట్లు పట్టుకుంది.

"చాలమ్మా. చాలు" అంది.

పోలీసుల జీపు వచ్చేసరికి గుంత పూడింది.

ఇస్సాకు కన్ను దక్కలేదు. లిడియా తలకు కుట్లు పడ్డాయి. స్టేషనులో రెండు కేసులు రాశారు. కాలనీవాళ్ళు పెట్టింది ఒకటి, ఆవులప్ప పెట్టింది ఒకటి. షెడ్యూల్డు కులాల మీద దాడి చట్టం కింద రాయమని హెప్సిబా అడిగితే, "మీరు చర్చికి పోయేవాళ్ళు కదమ్మా, ఆ చట్టం మీకు రాదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మేము ఉండేది ఊరి బయట కాలనీలోనే, ఊరోళ్ళు పిలిచేది ఆ కులం పేరుతోనే. రాళ్ళు చర్చిని చూసి పడ్డాయా సార్?" అందామె. ఆయన కాగితం తిప్పాడు. ఆవులప్ప పెట్టిన కేసులో లిడియా మీద హత్యాయత్నం అని ఉంది.

వారం తిరక్కముందే దానియేలు ఆమెను తన గదిలోకి పిలిచాడు. మనిషి ఆ వారంలోనే పాడైపోయినట్లున్నాడు.

"ఆవులప్పవాళ్ళు రాజీకి వస్తామంటున్నారు లిడియా. వెనక ఇంకో చిన్న గేటు, కుంట మీద ఒక కల్వర్టు. అది గీసిస్తే నీ మీద కేసు వెనక్కి తీసుకుంటారట. కాలనీవాళ్ళు కూడా తమది వెనక్కి తీసుకోవాలి."

"మీరేమన్నారు సార్?"

"నీకు ముప్ఫైనాలుగేళ్ళు. ఈ కేసు నిలబడితే ఏం జరుగుతుందో లాయరు చెప్పాడు. ఒక గేటు కోసం నిన్ను జైలుకి పంపలేను. గీసెయ్యి. వాడేవాళ్ళు బతికుంటేనే కదా డిజైను."

"వాడేవాళ్ళని అడిగారా?"

దానియేలుకు కోపం వచ్చింది. చేతిలో పెన్సిలు విసిరికొట్టాడు. "నువ్వు ఆ కుర్రాడి దవడ పగలగొట్టేముందు అడిగావా ఎవర్నైనా?" అన్నాడు. అన్నాక కుర్చీలో కూర్చుని ముఖం కప్పుకున్నాడు. ఆ మాట లిడియా తనను తాను రోజూ అడుగుతున్నదే.

కాలనీకి వెళ్ళింది. ఇస్సాకు మంచం మీద, సగం ముఖానికి కట్టుతో పడుకుని ఉన్నాడు. సంగతి విని చూరు వైపు తిరిగాడు.

"ఆ గేటు పెట్టెయ్యండి మేడమ్. మీకు జైలు ఏంటికి? మాకు కాలవ అలవాటే" అన్నాడు.

హెప్సిబా గిన్నెలు తోముతూ ఉంది. చేతులు కడుక్కోకుండానే లోపలికి వచ్చింది.

"నువ్వు ఎవుర్ని అడిగి ఒప్పుకుంటాండావు?" అని మొగుణ్ణి అడిగింది. "పెట్టె మోసింది మేము. నా వీపు ఇంకా వంగదు. మేరక్కకి మూడు పండ్లు పోయినాయి. మమ్మల్ని అడుగు." తరవాత లిడియా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు జైలుకి పోతే నాకు ఏడుపు వస్తుంది. నిజంగా వస్తుంది. కానీ రెండో గేటు కాగితం పట్టుకొని నా వాకిట్లోకి మాత్రం రావద్దు."

ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్ళు చర్చి వసారాలో కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు భయపడ్డారు. ఒకామె, "మనకి పిల్లోళ్ళు ఉండారు" అని ఏడ్చింది. ఆమె మాటను ఎవరూ తీసిపారెయ్యలేదు. పొద్దు గుంకేదాకా మాట్లాడుకున్నారు. చివరికి రెండో గేటు వద్దన్నారు. లిడియా ఒక మూల కూర్చుని విన్నది. తన మాట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

రాజీ కోసం స్టేషనులో కూర్చోబెట్టిన రోజు ఇన్‌స్పెక్టరు అందరినీ చూసి, "అయితే ఏమంటారు?" అన్నాడు.

"రాజీ లేదు సార్" అంది లిడియా. "మునిరాజును కొట్టింది నేనే. రాసుకోండి. ఎందుకు కొట్టానో కూడా రాసుకోండి."

లాయరు ఆమె మోచేయి గిల్లాడు. ఆమె ఆగలేదు. కడ్డీ సంగతీ, ఇస్సాకు కంటి సంగతీ చెప్పింది. రెండోసారి రాయి ఎత్తిన సంగతి కూడా చెప్పింది. లాయరు తల పట్టుకున్నాడు.

"మొదట రాయి ఏసింది కాలనీవాళ్ళే" అన్నాడు ఆవులప్ప. "మా అన్న ఉండాడు. అడగండి."

వెంకటరమణప్ప గోడ వారన బల్ల మీద ఉన్నాడు. ఆ గొడవ జరిగినప్పటి నుంచి ఆయన ఇల్లు దాటలేదని అంటారు. టవలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మావాళ్ళే సార్" అన్నాడు. "గోడ పీకింది మావాళ్ళే. నేను చూస్తా నిలబడినాను."

ఆవులప్ప బల్ల మీది నుంచి లేచాడు. బయట స్టేషను ఆవరణలో మెట్లు దిగుతున్న అన్నను చొక్కా పట్టి లాగి, చెప్పు తీసి, తలమీదా ముఖం మీదా కొట్టాడు. డెబ్భై ఏళ్ళ మనిషి చేతులు అడ్డం పెట్టుకోలేదు. కానిస్టేబుళ్ళు వచ్చి విడదీసేసరికి ఆయన కళ్ళజోడు రెండు ముక్కలై ముక్కు మీద గుచ్చుకుంది. ఇస్సాకు వెళ్ళి ఆయనను లేపి కూర్చోబెట్టాడు.

దానియేలు లిడియాకు జామీను సంతకం పెట్టాడు. "నువ్వు చేసింది సరైందని నేననను" అన్నాడు. "కాని సంతకం పెట్టనని కూడా అనను." కేసు తేలేదాకా మావినకుంటలో అడుగు పెట్టకూడదని జామీను షరతు. అందుకే వానాకాలంలో కాలనీలో ఇంకొక ముసలాయన పోయినప్పుడు లిడియా వెళ్ళలేకపోయింది. ఆఫీసులో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఏ ప్లానూ ముందుకు సాగలేదు. చివరికి హెప్సిబా ఫోన్ చేసింది.

"పోయినామక్కా" అంది హెప్సిబా. "గేట్లోంచే. పోలీసోళ్ళు ఇద్దరు వచ్చినారు. ఊరోళ్ళు తలుపులేసుకొని లోపల ఉండారు. ఒక్కరూ బయటికి రాలేదు. అరుగు మీద పెట్టె దించుకొని, కాసేపు కూచొని, పాటంతా పాడినాము. మూడు చరణాలూ."

"ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"లేదు. కానీ పాడేంత సేపూ అందరమూ గోడనే చూస్తా ఉన్నామక్కా."

కోర్టు వాయిదాలు మొదలయ్యాయి. ఒక వాయిదా రోజు లిడియా వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా, పక్క ఖాళీలో ఎవరో వచ్చి కూర్చున్నారు. మునిరాజు. భుజాలు కరిగిపోయాయి. దవడ కింద పొడుగాటి మచ్చ. ఆమె లేవబోయింది.

"కూచో" అన్నాడు. మాట పళ్ళ మధ్య నుంచి, ముద్దగా వచ్చింది. "నేనేమీ చెయ్యను."

ఆమె కూర్చుంది. బంట్రోతు ఎవరి పేర్లో పిలుస్తున్నాడు.

"రెండోసారి ఎత్తినావంట కదా. స్టేషన్‌లో నువ్వే చెప్పినావంట. ఏంటికి చెప్పినావు?"

"జరిగింది కాబట్టి."

"ఆయమ్మ పట్టుకోకుంటే ఏసుంటావా?"

లిడియా అతని ముఖం చూసింది. దవడ ఒక పక్కకు కొంచెం లోపలికి పోయి ఉంది. అది ఇక అలాగే ఉంటుంది.

"వేసేదాన్ని" అంది.

మునిరాజు తల ఊపాడు. "నేనూ ఏసుందును" అన్నాడు. "నువ్వు రాకుంటే, ఆ ఇస్సాకన్న మొగం మీద. మా ఇల్లు కట్టింది ఆయప్పే. సిన్నప్పుడు నన్ను ఇసుక కుప్ప మీద ఆడుకోనిచ్చేవాడు." వరండా చివర ఆవులప్ప కనిపించగానే లేచి, ఆమె పక్కన కూర్చోనేలేదన్నట్లు అటు వెళ్ళిపోయాడు.

ఆ రోజు కూడా వాయిదా పడింది. సాక్షిగా వచ్చిన ఇస్సాకు హెప్సిబాతో పాటు మెట్లు దిగుతున్నాడు. ఎడమ వైపు నుంచి వచ్చేవాళ్ళు అతనికి కనబడరు. ఎవరో లాయరు విసురుగా వచ్చి అతని భుజానికి తగిలి, తిట్టి వెళ్ళాడు. ఇస్సాకు ఉలిక్కిపడి తల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. దెబ్బ పడదని తెలిశాక సిగ్గుపడి దించాడు.

లిడియా జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి అతని ఎడమ పక్కకు చేరింది. ముగ్గురూ బస్‌స్టాపు దాకా అలాగే నడిచారు.